గోదారి తేరుకుంది

ఒరేయ్,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మీ మిషిగన్ చెట్లన్నీ కుంకుమలో పొర్లి లేచినట్టున్నాయి, బాగున్నాయి, కాదనను. కానీ కింద “అక్కడ ఇలాంటివి ఏముంటాయిలే” అని ఒక ముక్క రాశావు చూడు, ఒళ్ళు మండింది. మనకి ఆకులు రాలేది శిశిరంలో కదరా, మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజంలో చెట్ల వంక చూస్తే ఏం కనపడుతుంది? నీళ్ళ వంక చూడాలి.

నిన్న పొద్దున్నే మన రాజమండ్రి పుష్కర ఘాట్‌కి వెళ్ళాను. ఆగస్టులో ఎర్రగా సుళ్ళు తిరుగుతూ, చెట్ల మొద్దులు మోసుకొచ్చి, మెట్లన్నీ మింగేసి కూర్చున్న గోదారి ఇదేనా అనిపించింది. నీళ్ళు తేరుకున్నాయి. మోకాలి లోతులో నిలబడితే కాలి గోళ్ళు కనపడుతున్నాయి. ఎదురుగా లంకల్లో రెల్లు పూసింది, గాలి వచ్చినప్పుడల్లా ఆ తెలుపంతా ఒక పక్కకి వాలి మళ్ళీ లేస్తోంది. పైన మబ్బులదీ అదే రంగు, కురిసే పని అయిపోయి ఊరికే తిరుగుతున్నాయి, రిటైరైన మా ఆఫీసు వాళ్ళలాగా. హేవలాక్ వంతెన అలాగే ఉంది. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు మోసింది, ఇప్పుడు దాని మీద పిట్టలు వాలుతున్నాయి. ఆ రైల్లోంచే నా టిఫిన్ డబ్బులు కూడా గోదాట్లో వేయించావు, ఆ బాకీ ఇంకా తీరలేదు.

దేవీచౌక్‌కి కూడా వెళ్ళాను దసరాకి. మనం తెల్లవార్లూ నాటకాలు చూసి చాపల మీదే పడి నిద్రపోయేవాళ్ళం, ఇప్పుడు పదింటికే నడుం పట్టేసి ఇంటికొచ్చేశాను.

అసలు సంగతి ఇంకోటి. మృదంగం మళ్ళీ కిందికి దించాను. నవ్వకు. ముప్ఫై నాలుగేళ్ళు అటక మీద పాత బొంతల కింద పడుంది. పనస కర్ర కాబట్టి దానికేం కాలేదు, తోళ్ళు మాత్రం ఎలకలకి విందైపోయాయి. రెండు మూతలూ కొత్తవి వేయించి జులైలో తెచ్చుకున్నాను. ఇక చూడు నా పాట్లు. రాయి తీసుకుని అంచు చుట్టూ కొట్టి, శ్రుతి కలిపి, ‘త ధి తొం నం’ అని నాలుగుసార్లు వాయించేసరికి కుడి మూత దిగిపోయేది. మళ్ళీ కొట్టడం, మళ్ళీ దిగిపోవడం. బయట వాన, లోపల తోలు తడి పీల్చుకుని అప్పడంలా మెత్తబడేది. మా ఆవిడయితే “అది మీ మాట వినదు, నేనూ వినను, వదిలేయండి” అంది. మూతలు వేసినాయన్ని అడిగితే “వానలు పోనివ్వండి సార్, అదే పలుకుతుంది” అన్నాడు. పని తప్పించుకుంటున్నాడేమో అనుకున్నాను.

దసరా వెళ్ళిన మూడోరోజు లేచేసరికి గాలిలో తడి లేదు, రాత్రి ఆరేసిన తువ్వాలు అట్ట కట్టినట్టుంది. గుడ్డ తీసి, ఎడమ వైపు రవ్వ ముద్ద అద్ది, కుడి అంచు మీద చూపుడు వేలితో ఊరికే ఒక్కటి కొట్టానురా. ఆ ‘నం’ గదంతా తిరిగి వచ్చింది. ఆ పూట కలిపిన శ్రుతి మర్నాటి దాకా నిలబడింది. మాస్టారు వానాకాలమంతా మన చేత చెక్కపీట మీదే వాయింపించి, దసరా వస్తేగాని మృదంగం ముట్టనిచ్చేవారు కాదు కదా, పిసినారి అనుకునేవాళ్ళం. ఇన్నేళ్ళకి తెలిసింది. వెళ్ళి చెబుదామంటే ఆయన లేరు.

ఘాట్ మెట్ల మీద కూర్చుంటే నన్నయ గుర్తొచ్చాడు. ఈ ఊళ్ళోనే, రాజరాజ నరేంద్రుడి కాలంలో రాస్తూ రాస్తూ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు కదా, ఆ చివరి పద్యం శరత్కాలపు రాత్రుల మీదే. చుక్కలు, కలువల వాసన తెచ్చే గాలి, కర్పూరపు పొడిలాంటి వెన్నెల. తిక్కన దాని జోలికి పోకుండా విరాటపర్వం ఎత్తుకున్నాడు. నన్నయ పోయిన రెండున్నర శతాబ్దాలు దాటాక ఎర్రన వచ్చి ఆ మిగిలింది అందుకున్నాడు, ఎక్కణ్ణుంచో తెలుసా? శరత్కాలపు పొద్దుపొడుపు నుంచి. తెలుగు మాస్టారు ఇది చెప్పినప్పుడు మనం వెనక బెంచీలో చుక్కలాట ఆడుతున్నాం. అంత పొడుగు రాత్రి గడిచాక, ‘ఆ, ఎక్కడ ఆపాం?’ అన్నట్టు మొదలుపెట్టాడు చూడు, ఆయన ధైర్యం నాకు భలే నచ్చింది.

నీ మృదంగం ఇంకా ఉందా? సూట్‌కేసులో బట్టలు తగ్గించుకుని మరీ పట్టుకెళ్ళావు. హీటర్లు వేసిన ఇళ్ళలో తోలు ఎండిపోయి శ్రుతి పైకి పోతుందంటారు, నిజమేనా? ఉంటే బయటికి తీసి ఒక్క నాలుగు ఆవర్తనాలు వాయించి రికార్డు చేసి పంపు. తాళం తప్పినా ఏం అనను, నావి ఎన్ని తప్పులో మా ఆవిణ్ణి అడుగు, లెక్క చెబుతుంది. నాది ఒకటిన్నర శ్రుతిలో పెట్టాను. కార్తీక పౌర్ణమి లోపు పంపాలి, ఆ తర్వాత మంచు మొదలైతే దీని మాట చెప్పలేను.