ఆటోమేషన్ టెస్టింగ్ కోర్సు ఫీజు వాపసు కోరుతూ ఫిర్యాదు

అమీర్‌పేట బ్రాంచి నిర్వాహకులకు,

నమస్కారం. మీ వీకెండ్ బ్యాచ్‌లో ఆటోమేషన్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ను కోడ్ రాసి పరీక్షించే పని) కోర్సుకు 58,000 రూపాయలు కట్టిన విద్యార్థినిని. మీ సిబ్బందికి ఫోన్‌లో చెప్పి చెప్పి విసిగిపోయి ఇది రాతలో పంపుతున్నాను.

నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో మాన్యువల్ టెస్టర్‌ని, అంటే సాఫ్ట్‌వేర్‌ను కోడ్ లేకుండా చేత్తోనే పరీక్షిస్తాను. మా ప్రాజెక్టు ముగిసి సగం టీమ్ పని లేకుండా బెంచ్ మీదికి వెళ్లిన రోజుల్లో మీ కౌన్సెలర్ ఫోన్ చేశారు. "మాన్యువల్ వాళ్లను ఇంకెన్నాళ్లు ఉంచుతారు మేడమ్? ఏఐ వచ్చేసింది కదా" అన్నది ఆయన మొదటి మాట. కోర్సులో ఏముందన్నది ఆ తర్వాత. నా టెన్షన్ నిజమే, నేర్చుకోవలసిన అవసరమూ నిజమే. అందుకే అన్నీ ముందే అడిగాను. క్లాసులు లైవ్‌లో ఉంటాయా, సిలబస్ కొత్తదేనా, ప్లేస్‌మెంట్ సంగతేమిటి అని. వాట్సాప్‌లో మీరిచ్చిన జవాబులు నా దగ్గర ఉన్నాయి.

లైవ్ క్లాసులు మొదటి నెలతోనే ఆగిపోయాయి. ఆఫీసులో రిలీజ్ ఉందని ట్రైనర్‌గారు ఒక వారం రాలేదు, ఆ పైన అసలే రాలేదు. ఆయన్ని నేనేమీ అనను, ఆయనకూ ఉద్యోగం కాపాడుకునే బాధే. వేరే ట్రైనర్‌ను పెట్టవలసింది మీరు. మీరు పాత రికార్డింగుల లింకు పంపి ఊరుకున్నారు. వాటిలో బ్రౌజర్‌ను కోడ్‌తో నడిపే సెలీనియం అనే టూల్‌లో ‘ఫైండ్ ఎలిమెంట్ బై ఐడీ’ అంటూ, పేజీలో బటన్ లాంటివి వెతికే కోడ్ రాయిస్తున్నారు. పైథాన్ భాషలో ఆ కమాండ్‌ను సెలీనియం 4.3 వెర్షన్‌లోనే, అంటే 2022లోనే తీసేశారు. వీడియోలో చూపినట్టే రాస్తే నా ల్యాప్‌టాప్‌లో ఎర్రర్ తప్ప ఏమీ రాదు. సెలీనియంకు క్రోమ్‌ను అందించే క్రోమ్ డ్రైవర్‌ను దించుకుని, అది ఎక్కడుందో పాత్ ఇవ్వడం మీద ఒక క్లాసంతా నడిపారు. 4.6 వెర్షన్ నుంచి ఆ పని సెలీనియంతోనే వచ్చే సెలీనియం మేనేజరే చూసుకుంటోంది. బ్రోచర్‌లో పెద్దక్షరాల్లో వేసిన ప్లేరైట్ అనే మరో టెస్టింగ్ టూల్‌కు దక్కినవి కొన్ని స్లైడ్లు. గ్రూపులో ఈ సంగతి అడిగితే, సాయంత్రానికల్లా అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టలేకుండా చేశారు.

ఇవన్నీ ఒక ఎత్తు, మీ ప్లేస్‌మెంట్ టీమ్ ఇచ్చిన సలహా ఒక ఎత్తు. "గత రెండేళ్లూ ఆటోమేషన్‌లోనే చేశానని రెజ్యూమేలో పెట్టుకోండి మేడమ్, అందరూ పెట్టుకుంటున్నారు" అన్నారు. టెస్టులన్నిటికీ ఆధారమైన కోడ్ చట్రం, అదే ఫ్రేమ్‌వర్క్, ఎలా కట్టావని ఇంటర్వ్యూలో అడిగితే రెండో ప్రశ్నకే దొరికిపోతాను. అది దాటినా, వెరిఫికేషన్‌కు అడిగేది మా హెచ్‌ఆర్‌నే. అప్పుడు నేను నిజంగా చేసిన తొమ్మిదేళ్ల పనిని కూడా ఎవరూ నమ్మరు. ఉన్న ఉద్యోగమూ పోతుంది. ఉద్యోగ భయంతో వచ్చిన మనిషికి చెప్పవలసిన మాటేనా ఇది?

మీ బోర్డు మీద ‘100% ఉద్యోగ హామీ’ అని ఉంది, షరతులు అడుగున కనీకనపడని అక్షరాల్లో ఉన్నాయి. కోచింగ్ సంస్థల ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగ భద్రత గురించి తప్పుడు హామీలు ఇవ్వకూడదని, షరతులను మిగతా ముఖ్య వివరాలంత అక్షరాల్లోనే వేయాలని అందులో ఉంది.

ఫీజు మీరు చూపించిన ఫైనాన్స్ కంపెనీ లోన్‌తోనే కట్టాను. మీకు డబ్బంతా అప్పుడే ముట్టింది. నాకు మాత్రం నెలనెలా ఈఎంఐ కట్ అవుతోంది. ఆపితే పడిపోయేది నా సిబిల్ స్కోరు.

జరిగిన లైవ్ క్లాసులకు 18,000 మినహాయించుకోండి, ఆ ట్రైనర్ బాగానే చెప్పారు. మిగిలిన 40,000 రూపాయలు ఈ లేఖ అందిన 15 రోజుల్లో నా లోన్ ఖాతాకు జమ చేసి, ఆ రసీదు నాకు పంపండి. కోర్సు పొడిగిస్తామని, ఇంకో బ్యాచ్‌లో కూర్చోమని చెప్పవద్దు. గడువు దాటితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

ఫీజు రసీదు, బ్రోచర్, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, లోన్ స్టేట్‌మెంట్ జతచేశాను. జవాబు ఫోన్‌లో వద్దు, ఈమెయిల్‌లో ఇవ్వండి.

ఇట్లు,
వీకెండ్ బ్యాచ్ విద్యార్థిని