టికెట్ మీద ఆ 57 శాతం

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అక్కకు డెబ్బై రెండేళ్లు. సికింద్రాబాద్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తానంటే మొన్న స్లీపర్ టికెట్ తీసిచ్చాను. కళ్లజోడు పైకి జరుపుకుని, టికెట్ మీది చిన్న అక్షరాల ఇంగ్లిష్ లైను చూపించి "ఇదేంట్రా?" అంది. ప్రయాణానికయ్యే ఖర్చులో సగటున 57 శాతమే రైల్వేకు తిరిగొస్తోందని చెప్పాను. "అయితే నేను ఊరికే ఎక్కుతున్నట్టా?" అంది. 31 ఏళ్లు బుకింగ్ కౌంటర్లో కూర్చుని 2019లో రిటైరైనవాణ్ణి, అయినా నోట మాట రాలేదు. నాకు పాసుంది, ఇది నా కోసం రాస్తున్నది కాదు.

ఆ నష్టం లెక్కలో ఏమేం కలిపారో ప్రయాణికుడికి ఎవరూ చెప్పరు. పట్టాలు, సిగ్నళ్లు, స్టేషన్లు, సిబ్బంది... వీటన్నిటినీ గూడ్సూ వాడుతుంది, ప్యాసింజరూ వాడుతుంది. ఎవరి వాటా ఎంతో కాగితం మీద పంచాల్సిందే. మా సత్తెనపల్లి లైను సింగిల్ లైను. సిమెంటు గూడ్సు వస్తోందంటే మా ప్యాసింజర్‌ను స్టేషన్లోని పక్క పట్టా మీద, అంటే లూప్‌లో, నిలబెడతారు. గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లే బాలింత పిల్లను ఒళ్లో వేసుకుని ఆ ఎండలో అరగంట కూర్చుంటుంది. ఆ అరగంట ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోంది? పైగా సగటు అంటే ఏసీ బోగీనీ జనరల్ బోగీనీ కలిపేసిన లెక్క. తరగతివారీగా చెబితేనే నిజం తెలిసేది.

ప్రైవేటుకిస్తే బాగుపడుతుందంటారు. 2020లో 109 రూట్లలో 151 రైళ్లకు టెండర్లు పిలిచారు. 35 ఏళ్ల గడువిచ్చి, చార్జీ కూడా వాళ్లిష్టమే అన్నారు. మరుసటి ఏడాది తెరిచి చూస్తే బిడ్లు వేసినవి రెండే. ఒకటి రైల్వే సొంత సంస్థ ఐఆర్‌సీటీసీ, రెండోది మన హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్ కంపెనీ. చివరికి టెండర్లే రద్దయ్యాయి. అంత మంచి రూట్లకే ముందుకు రానివాళ్లు మాచర్ల ప్యాసింజర్‌ను నడుపుతారా? దాన్ని సర్కారే నడపాలి, నడుపుతున్నందుకు జనాన్ని దెప్పకూడదు.

అరవై నిండిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది నిండిన ఆడవాళ్లకు 50 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనా అని ఆపారు. కరోనా పోయింది, రాయితీ రాలేదు. రాయితీ ఉన్నన్నాళ్లూ, వద్దనుకున్నవాళ్లు వదులుకునే వీలు 2016 నుంచే ఉండేది. నా కౌంటర్లోనే ఒక రిటైర్డ్ మాస్టారు "నాకు పెన్షనొస్తుంది బాబూ, పూర్తి చార్జీ తీసుకో" అని ఫారం నా వైపు తోశారు. అలా అడగండి, ఇచ్చేవాళ్లు ఇస్తారు. పెన్షన్ లేని మా అక్క దగ్గర మాత్రం తీసుకోకండి.

స్లీపర్, థర్డ్ ఏసీల్లోనైనా రాయితీ తిరిగిచ్చే సంగతి చూడమని పార్లమెంటు స్థాయీ సంఘమే సిఫారసు చేసింది. రైల్వే మంత్రి గారు అంతవరకైనా అమలు చేయాలి. టికెట్ మీద ఆ లైను ఉంచి తీరాలనుకుంటే, ఏ తరగతికి ఎంత ఖర్చో, ఎంత వసూలో కూడా పక్కనే అచ్చు వేయించాలి, తెలుగులో.

– ఒక రిటైర్డ్ బుకింగ్ క్లర్కు, సత్తెనపల్లి