మెనూ వరస ఎవరి సొత్తు?

రేయ్ మామా,

ఎట్లున్నావ్? మొన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. బిల్లింగ్ యాప్ స్క్రీన్ తమదాన్ని చూసి కాపీ కొట్టారంటూ మీ కంపెనీకి లాయర్ నోటీసు వచ్చిందని, డిజైన్ నీదే కాబట్టి అందరూ నీ వైపే చూస్తున్నారని అన్నావు. నువ్వు దొంగతనం చేసే రకం కాదు, అది నాకు తెలుసు. ఈ గొడవల గురించి చదివింది రాస్తున్నా, టెన్షన్ పక్కనపెట్టి చదువు.

1988లో ఆపిల్ ఇట్లాంటి కేసే మైక్రోసాఫ్ట్, హెచ్‌పీల మీద వేసింది. విండోస్ స్క్రీన్ అచ్చం తన మాకింతోష్ కంప్యూటర్ స్క్రీన్‌లాగే ఉందని 189 పోలికలు చూపించింది. కానీ ఆ స్క్రీన్ రూపాలు వాడుకోవచ్చని 1985లో ఆపిలే మైక్రోసాఫ్ట్‌కు ఒక లైసెన్స్ రాసిచ్చింది. 179 పోలికలు దాని కిందికే వస్తాయని కోర్టు తేల్చింది. విండోలు ఒకదాని మీద ఒకటి పరుచుకోవడం లాంటివి ఏ ఒక్కరి సొత్తూ కాదంది. 1994లో అప్పీలులోనూ ఆపిల్ ఓడింది.

నీకు నిజంగా పనికొచ్చేది లోటస్ కేసు. లోటస్ 1-2-3 అని లెక్కల ప్రోగ్రాం ఉండేది. బోర్లాండ్ అనే పోటీ కంపెనీ తన క్వాట్రో ప్రో ప్రోగ్రాంలో ఆ మెనూలనే పెట్టింది: 469 కమాండ్లు, అవే పేర్లు, అదే వరస. కోడ్ మాత్రం ఒక్క లైను ఎత్తలేదు. లోటస్‌కు అలవాటుపడి, అందులో మాక్రోలు (వరస కమాండ్లను ఒక్కసారే నడిపే చిన్న ప్రోగ్రాంలు) రాసిపెట్టుకున్నవాళ్లు ఇబ్బంది లేకుండా మారాలని అట్లా చేసింది. కింది కోర్టు లోటస్ పక్షాన నిలిచింది. 1995లో అప్పీలు కోర్టు దాన్ని తిరగ్గొట్టింది. మెనూ వరస ప్రోగ్రాంను నడిపే పద్ధతి, వీసీఆర్ (పాత వీడియో క్యాసెట్ ప్లేయర్) మీదుండే ప్లే, రికార్డ్ బటన్ల లాంటిది, దానికి కాపీరైట్ రాదంది. 1996లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలు 4-4గా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది.

ఆ తీర్పు న్యాయమని నేను గట్టిగా నమ్ముతా. ఇక్కడ కర్నూలులో రాజ్‌విహార్ దగ్గర డీటీపీ షాపులో ఆపరేటర్‌ను చూడు. శుభలేఖ మ్యాటర్ రాసిన కాగితం మీదే కళ్లు, వేళ్లు కీబోర్డు మీద పరుగెడుతుంటాయి. చి.ల.సౌ. దగ్గర్నుంచి సుముహూర్తం దాకా స్క్రీన్ వైపు చూడడు. అక్షరాల వరస మారిన ఇంకో కీబోర్డు లేఔట్ ఇచ్చావంటే ఆ పూట పని ఆగినట్టే. ఏళ్ల తరబడి కూర్చుని నేర్చుకున్న ఆ చేతివాటం అతని కష్టార్జితం. దాన్ని తాకట్టు పెట్టుకునే హక్కు ఏ కంపెనీకీ ఉండకూడదు!

బొమ్మల సంగతి వేరు మామా. ఆపిల్, శామ్‌సంగ్ కేసులో ఐకాన్ల అమరిక మీద ఆపిల్ డిజైన్ పేటెంట్ (రూపం మీద హక్కు) కూడా ఉంది. 2012లో జ్యూరీ శామ్‌సంగ్‌ను 100 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. 2018లో మరో జ్యూరీ 53.9 కోట్లన్నాక ఇద్దరూ రాజీపడ్డారు. ఒకరు గీసిన బొమ్మను ఎత్తుకోవడం తప్పే, అందులో నాకు రెండో మాట లేదు.

ఇవన్నీ అమెరికా తీర్పులు, మన కోర్టులు వాటికి కట్టుబడాల్సిన పనిలేదు. మనకు 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. స్క్రీన్‌ను దాని కింద రిజిస్టర్ చేయొచ్చా అన్నదే తగాదా. అట్లాంటి ఒక దరఖాస్తును అధికారులు తిరస్కరిస్తే, 2023లో కలకత్తా హైకోర్టు ఆ తిరస్కరణను కొట్టేసి, దాన్ని మళ్లీ పరిశీలించమంది. అందుకే వాళ్లకు రిజిస్ట్రేషన్ ఏదైనా ఉందేమో ముందు మీ లాయర్‌తో కనుక్కోమను.

నువ్వు చేయాల్సింది ఒకటుంది. మెనూ వరస, షార్ట్‌కట్ కీలు ఒక పక్క, ఐకాన్లు, రంగులు ఇంకో పక్క రాసుకో. తేదీలున్న పాత స్కెచ్‌లు, ఫైళ్లు ఒక్కటి కూడా డిలీట్ చెయ్యొద్దు. రెండు స్క్రీన్ల ఫోటోలు, నోటీసు కాపీ వీలైతే రేపే నాకు పంపు. రాత్రి పడుకునే ముందు ఫోన్ చెయ్, ఎంత లేటైనా ఎత్తుతా.

ఉంటా మరి,
నీ మామ