బ్రేక్ ఆయిల్ కూడా పాతబడుతుంది

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో కార్ల పేజీ వదలకుండా చదువుతాను. మైలేజీ, సన్‌రూఫ్, స్క్రీను సైజు అన్నీ రాస్తారు. బ్రేక్ ఆయిల్ గురించి కూడా ఒకసారి రాయండని అడగడానికే ఈ ఉత్తరం.

నేను తిరుపతిలో బ్యాంకు ఉద్యోగిని. నాది 2014 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ కారు. 1.2 లీటర్ల టర్బో ఇంజిన్, 105 హార్స్‌పవర్. స్పీడు సరదా రోడ్డు మీద తీర్చుకోను. ఏడాదికి రెండు మూడుసార్లు, తెల్లవారకముందే బయల్దేరి శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్తాను.

పోయినసారి అయిదో ల్యాప్‌లో, మెయిన్ స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. గబగబా రెండు మూడుసార్లు తొక్కితే కాస్త పట్టింది. అప్పటికే బండి ట్రాక్ దాటి మట్టిలో ఉంది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అరగంట చల్లారాక చూస్తే పెడల్ మామూలుగానే ఉంది.

ఊరికొచ్చాక మెకానిక్ మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే భాగం, మార్చాలన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. సిలిండర్‌లో సీళ్లు పోతే చల్లగా ఉన్నప్పుడూ పెడల్ దిగాలి. ఆయిల్ ఎక్కడా కారలేదు, లెవెల్ తగ్గలేదు. పోనీ చక్రాల దగ్గర డిస్కుని పట్టి ఆపే ప్యాడ్లు వేడెక్కి పట్టు పోయిందనుకుందామంటే, అప్పుడు బండి ఆగదు గానీ పెడల్ గట్టిగానే ఉంటుంది. మెత్తబడిందంటే ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి చేరినట్టే; ఆయిల్‌లా కాకుండా ఆవిరి నొక్కితే అణిగిపోతుంది, తొక్కిన బలం చక్రాలకు చేరదు. చక్రం దగ్గర ఆయిల్ బయటికి తీసే నిపుల్‌కి సన్నని ట్యూబు పెట్టి ఆయిల్ తీయించాను. కొత్తది లేత తేనె రంగులో ఉంటుంది, నా బండిలోంచి డికాక్షన్ వచ్చింది! మూడేళ్లుగా మార్చలేదు. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా "లెవెల్ బాగుంది సార్" అనేవాళ్లు, నేనూ అంతటితో ఊరుకునేవాణ్ని.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక అదే ప్రమాణం 155 డిగ్రీలు. లెవెల్ చూస్తే ఇది తెలియదు. ఆయిలంతా మార్పించి, నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయించాను. పెడల్ ఇప్పుడు రాయిలా ఉంది.

ట్రాక్‌కి వెళ్లేవాళ్లు ఏ కొద్దిమందో. కానీ తిరుమల నుంచి కుటుంబంతో కిందికి దిగే కార్లలో ఎన్నిటికో బ్రేకులు కాలిన వాసన వస్తుంటుంది. గేరు తగ్గించకుండా, దారి పొడవునా బ్రేక్ మీదే కాలు పెట్టి దిగుతారు. వాళ్ల బండ్లలో ఆయిల్ ఎన్నేళ్లనాటిదో తలచుకుంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది. రెండేళ్లకోసారి మార్చాలని, ఘాట్‌లో తక్కువ గేరులో దిగాలని సెలవుల రద్దీ మొదలయ్యేలోపు మీ పేజీలో వేయండి.

– ఒక పాఠకుడు, తిరుపతి