ప్యాకెట్‌తో పాటు నీళ్ల కొలత కూడా చెప్పండి

సంపాదకులకు,

ఎండలు ముదరగానే చలివేంద్రాల దగ్గర ఓఆర్ఎస్ ప్యాకెట్లు (విరేచనాలు, ఎండల వల్ల ఒంట్లో నీరు, లవణాలు తగ్గినప్పుడు నీళ్లలో కలిపి తాగే పొడి) పంచుతున్నారు. మంచి పనే. కానీ ఎన్ని నీళ్లలో కలపాలో చెప్పేవాళ్లు తక్కువ. సగం ప్యాకెట్ గ్లాసులో పోసుకుని తాగేసి, మిగతాది మడిచి జేబులో పెట్టుకునేవాళ్లు ఎక్కువ.

పెద్ద ప్యాకెట్‌లో ఉండేది 20.5 గ్రాములు: గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6, సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. మొత్తం 1 లీటరు నీళ్లలో కలిపితే సోడియం లీటరుకు 75 మిల్లీమోల్స్ (కరిగిన కణాల సంఖ్యను చెప్పే కొలత) ఉంటుంది. సగం ప్యాకెట్‌ను 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే అది 187 దాటుతుంది. మన రక్తంలో ఉండేదే 135 నుంచి 145. ద్రావణంలో కరిగినవన్నీ కలిపి మొత్తం గాఢత చూసినా అంతే, లీటరుకు 245 మిల్లీఆస్మోల్స్ ఉండాల్సింది 600 దాటుతుంది. రక్తం గాఢత 290 దగ్గర ఉంటుంది కాబట్టి పేగు నీటిని లోపలికి తీసుకోవడం అటుంచి, ఒంట్లో ఉన్న నీరే పేగులోకి దిగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. పసిపిల్లల్లో రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ కూడా రావచ్చు.

చక్కెర ఎందుకని కొందరు అడుగుతారు. పేగు గోడలో ఒక రవాణా ప్రొటీన్ ఉంది. ఒక్కో గ్లూకోజ్ అణువుతో పాటు రెండు సోడియం అయాన్లను లోపలికి లాగుతుంది, వాటి వెంట నీరు వస్తుంది. విరేచనాల్లో మిగతా దారులు దెబ్బతిన్నా ఈ దారి చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్ఎస్ బలమంతా అందులోనే ఉంది. గ్లూకోజ్ ఎక్కువైతే అదే నీటిని పేగులోకి గుంజుతుంది. లీటరుకు 100 గ్రాముల చక్కెర ఉండే కూల్‌డ్రింకు ఓఆర్ఎస్‌కు బదులు కాలేకపోవడానికి కారణం ఇదే. తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వేయకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల పోరాటం ఉంది.

ఓఆర్ఎస్ చిక్కగా కలపడానికి పూర్తిగా ఎదురు పొరపాటు పొలం పనుల్లో జరుగుతుంది. పొద్దంతా చెమటోడ్చి, ఏమీ తినకుండా, గంట గంటకూ వట్టి నీళ్లే విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, తికమక మొదలవుతాయి. వడదెబ్బేనని ఇంకా నీళ్లు పట్టిస్తారు! ఉప్పేసిన మజ్జిగ, గంజి ఇక్కడ బాగా పనికొస్తాయి. మనిషి తెలివి తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

కలిపే పద్ధతి తేలికే. కొలతకు 1 లీటరు వాటర్ బాటిల్ సరిపోతుంది. కాచి చల్లార్చిన నీళ్లు కొలిచి గిన్నెలో పోసి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. కలిపాక మరగబెట్టొద్దు, పాలలోనూ జ్యూస్‌లోనూ వేయొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి, అందుకే వెనక రాసింది చదవకుండా చింపకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు ఒక్కో విరేచనానికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొద్దికొద్దిగా. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు తలగొట్టిన 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. రుచి చూస్తే కన్నీళ్లకంటే ఉప్పగా ఉండకూడదు.

చలివేంద్రాలు పెట్టేవాళ్లకు ఒక మనవి. దాతల పేర్లున్న ఫ్లెక్సీ మీదే ‘ప్యాకెట్ మొత్తం – లీటరు నీళ్లు’ అని పెద్ద అక్షరాలతో రాయించండి. పంచేది చిన్న ప్యాకెట్ అయితే ‘200 మి.లీ.’ అని మార్చండి.

— ఒక ఫార్మసిస్టు, ఖమ్మం