తిన్నెలు పోయిన వీధిలో నడుం నొప్పి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి బైరాగిపట్టెడలో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. నడుం నొప్పి మొదలై తొమ్మిదేళ్లు. మొదట్లో అందరూ ‘రెస్ట్ తీసుకో అక్కా’ అనేవాళ్లే. తీసుకున్నాను. పడుకునే కొద్దీ నడుం ఇంకా పట్టేసింది, రెండు మెట్లెక్కితే ఆయాసం. మెడికల్ షాపులో రోజూ మాత్ర కొని మింగేదాన్ని. కడుపులో మంట మొదలై డాక్టరు దగ్గరికి పోతే, కిడ్నీలు కూడా పాడుచేసుకుంటావా అని కోప్పడ్డారు.

మూడు నెలలు దాటినా పోని నొప్పి వేరే రకమని ఆయనే చెప్పారు. దెబ్బ మానినా నరాలు ఊరుకోవట. నాకు మోటారు మిషను గుర్తొచ్చింది. పెడల్ లూజైతే కాలు అలా ఆనగానే సూది పరిగెడుతుంది చూడండి, అలాగన్నమాట.

ఇప్పుడు ఫోన్‌లో 20 నిమిషాలకు అలారం పెట్టుకుంటాను. మోగితే జాకెట్ చెయ్యి సగం కుట్టి ఉన్నా లేస్తాను. ఒక ఏడాది గంగ జాతర ముందు ఒంట్లో బాగుందని ఒక్క రోజులో 11 జాకెట్లు కుట్టి, జాతరంతా మంచం మీదే గడిపాను. అప్పుడు వచ్చింది బుద్ధి. బాగున్న రోజు ఎగబడకూడదు, బాగాలేని రోజు పూర్తిగా మానకూడదు. నడక పాలబూత్ దాకా మొదలుపెట్టి, ఇప్పుడు పార్కు దాకా పెంచాను. నొప్పి పోలేదు. కానీ మిషను మానలేదు, మనవడిని స్కూల్లో దింపడం మానలేదు.

అసలు ఇబ్బంది వేరే ఉంది. పార్కుకు పావుగంట నడక. మధ్యలో ఒక్కసారి కూర్చుంటే చాలు నాకు. మా చిన్నప్పుడు ఇంటింటికీ వాకిట్లో కూర్చునే తిన్నె, అదే అరుగు, ఉండేది, ఎవరూ లేపేవాళ్లు కాదు. ఇప్పుడు తిన్నెలన్నీ కార్లెక్కే ర్యాంపులయ్యాయి. మిగిలిన ఒకటి రెండింటి మీద ఎవరూ కూర్చోకుండా గాజుపెంకులు గుచ్చారు.

పోనీ పార్కులో సిమెంటు బెంచీలున్నాయి కదా అంటారా? టేపు పెట్టి కొలిచాను. నేల నుంచి 13 అంగుళాలు! నా కుట్టు స్టూలు 18. ఆనుకోవడానికి వెనక ఏమీ లేదు, లేవడానికి పట్టుకునే చేతులూ లేవు. మొన్న కూర్చుని లేవలేక, షటిలాడే పిల్లవాడిని ‘నాయనా, చెయ్యివ్వు’ అని పిలిచాను.

అలిపిరి మెట్ల మీద తలయేరు గుండు దాకా పోయొచ్చాను ఈమధ్య. నొప్పులు పోవాలని జనం తల, మోకాళ్లు ఆనించి ఆనించి గుంటలు పడిన రాయి అది. నేనూ ఆనించాను, దాచడమెందుకు. అక్కడ కూర్చోవడానికి చోటుంది, నీడా ఉంది. కొండెక్కేవాళ్లకున్న ఆ వసతి పాలప్యాకెట్‌కు పోయేవాళ్లకు లేదు.

కొత్త బెంచీలు వేసేటప్పుడైనా 18 అంగుళాల ఎత్తు, వీపుకు ఆనుడు, రెండు పక్కలా చేతులు పెట్టమని అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి. మా వీధి మలుపులో వేపచెట్టు కింద ఒకటి వేసినా చాలు. కొలతలు కావాలంటే టేపు తీసుకుని నేనే వస్తాను. సాయంత్రం ఐదు తర్వాతైతే మంచిది, పొద్దున్నే నా నడుం వంగదు.

– ఒక కుట్టుపని మనిషి, బైరాగిపట్టెడ, తిరుపతి