గ్యాస్ ఊరికే తగ్గదు, తమ్మీ

దుబాయి, సోనాపూర్
ఏప్రిల్, ఆదివారం

తమ్మీ,

ఇక్కడ నేను క్షేమం. బాపు, అవ్వ, మీ వదిన, మరదలు, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. బాపుకు దగ్గు తగ్గిందని నిన్న మీ వదిన చెప్పింది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

బాపు గదికి టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ కొన్నానని, ఔట్‌డోర్ డాబా మీద పెట్టాలని మెకానిక్ అంటున్నాడని వాయిస్ పంపావు. ఏమేం చూసుకోవాలో చెప్పమన్నావు. ఫోన్‌లో చెబితే నాలుగు మాటల్లో రెండే మెకానిక్ దాకా పోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఫొటో తీసి పంపుతా, నువ్వు అతనికే చూపించు. కోపం తెచ్చుకుంటే మా అన్న దుబాయిలో ఇదే పని చేస్తాడని చెప్పు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. "ఏడాదికోసారి గ్యాస్ కొట్టించాలి, అది మామూలే" అన్నాడట కదా. అది మామూలు కాదు. బండిలో పెట్రోలు అయిపోయినట్టు ఏసీలో గ్యాస్ అయిపోదు. అది కంప్రెసర్ ఉండే ఔట్‌డోర్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది, చిన్న పైపులో లోపలికి వచ్చి ఇండోర్ కాయిల్‌లో ఆవిరవుతూ గదిలోని వేడిని లాక్కుంటుంది, పెద్ద పైపులో మళ్లీ కంప్రెసర్‌కే పోతుంది. పైపులు, జాయింట్లు సరిగ్గా ఉంటే పదేళ్ల తర్వాత కూడా తిరిగేది అదే గ్యాస్. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఏటా గ్యాస్ కొట్టేవాడు తను వదులుగా బిగించిన నట్టుకు తనే ఏటా డబ్బులు తీసుకుంటున్నాడన్న మాట.

ఇక ఔట్‌డోర్ ఎక్కడ అన్నది. బాపు కిటికీ పక్కన సజ్జ మీద పెడితే పైపు మూడు నాలుగు మీటర్లతో సరిపోతుంది, నాకైతే అదే ఇష్టం. కానీ ఆ సందులో వేడి గాలంతా పెద్దమ్మ వాళ్ల కిటికీలోకే కొడుతుంది. పెద్దమ్మ సంగతి నీకు తెలుసు, ఏసీ ఖర్చు కన్నా ఆ పంచాయితీ ఖర్చే ఎక్కువవుతుంది. కాబట్టి డాబానే ఖాయం చెయ్యి. అక్కడ నీడ ఉండాలి, గాలి కూడా ఆడాలి. నాలుగు వైపులా రేకులు కట్టి మూసేయొద్దు. పైన చిన్న పందిరి చాలు. వెనక గోడకు, మిషన్‌కు మధ్య ఖాళీ ఎంత ఉండాలో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇక్కడ మేము పెట్టేవి టీ3 రకం, 46 డిగ్రీల వేడిలో పరీక్షించినవి. మామూలు మిషన్లను 35 డిగ్రీల దగ్గర కొలుస్తారు. మన జగిత్యాల ఎండలో డాబా మీద దాని పాట్లు ఎలా ఉంటాయో నువ్వే ఊహించుకో.

పైపు సంగతి. అల్యూమినియం పైపు వేస్తే చవక అన్నాడని చెప్పావు. వద్దు. రాగి పైపే వేయించు. టన్నున్నరకు ఎక్కువ మిషన్లలో చిన్నది పావు ఇంచు, పెద్దది అర ఇంచు. అతను రెండు సూత్, నాలుగు సూత్ అంటాడు, రెండూ ఒకటే. అయినా నీ మిషన్ పుస్తకంలో ఉన్న సైజే వేయాలి. రాగిలో కూడా పలచటి సరుకు దొరుకుతుంది. గోడ మందం 0.8 మిల్లీమీటర్లు ఉన్నది అడుగు. పలచటిది వంచేచోట నొక్కుకుపోతుంది, ఫ్లేర్ చేసేచోట, అంటే నట్టు బిగించడానికి పైపు కొనను గరాటులా విప్పేచోట, చీలుతుంది. ఇప్పటి ఏసీల గ్యాస్ ప్రెషర్ పాత ఏసీల్లోని ఆర్-22 గ్యాస్ కన్నా చాలా ఎక్కువ, పాత రోజుల సరుకు దీనికి ఆగదు.

పైపు చుట్టకు రెండు చివర్లా మూతలు ఉండాలి. పని మొదలయ్యే వరకు తీయొద్దు, మధ్యలో టీకి పోయినా మళ్లీ పెట్టాలి. ఇక్కడ మా కేరళ ఫోర్‌మన్ మూత లేని పైపు కనిపిస్తే చాలు, ఆ పూట ఎవరితోనూ మంచిగా మాట్లాడడు. మొదట్లో చాదస్తం అనుకునేవాణ్ణి. ఇక్కడి ఇసుక, ఆగస్టులో సముద్రం మీంచి వచ్చే తేమ చూశాక ఆయన చెప్పింది న్యాయమే అనిపించింది.

ఫ్లేర్ గురించి కాస్త నిలబడి చూడు తమ్మీ, లీకుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. పైపును హాక్సా బ్లేడుతో కొయ్యనివ్వొద్దు, పొడి లోపల పడుతుంది. చక్రం ఉన్న కట్టర్‌తో మెల్లగా తిప్పుతూ కొయ్యాలి. తర్వాత కొన కిందికి వంచి పట్టుకుని రీమర్‌తో లోపలి అంచు గీకాలి, రాగి తురుము లోపలికి పోకుండా నేల మీద పడాలి. నట్టు ముందే ఎక్కించి, ఆ తర్వాత కొనను 45 డిగ్రీలకు విప్పాలి. విప్పిన అంచు అద్దంలా నున్నగా ఉండాలి. చిన్న గీత ఉన్నా, ఒక పక్క పొడుగైనా, కోసేసి మళ్లీ చెయ్యమను. రెండు అంగుళాల పైపు పోతే పోయింది. బిగించేటప్పుడు చేత్తో చివరిదాకా తిప్పి, తర్వాతే రెండు పానాలు పెట్టాలి. ఒకటి కదలకుండా పట్టుకోవడానికి, ఇంకోటి తిప్పడానికి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ పానా ఉంటే మంచిది: పావు ఇంచు నట్టుకు 15 నుంచి 17 న్యూటన్ మీటర్లు, అర ఇంచుకు 50 నుంచి 60. బలం చూపించి బిగిస్తే ఫ్లేర్ పలచబడి, నాలుగు నెలలకు చీలుతుంది. మన దగ్గర ఎక్కువ మందికి ఎంత బిగిస్తే అంత మంచిదన్న నమ్మకం. రాగి విషయంలో అది చెల్లదు.

గోడలో గాడి కొట్టి పైపు లోపల మూస్తామంటే మూయనీ, కానీ లోపల జాయింట్ ఉండకూడదు. ఒకే పైపు ఇండోర్ నుంచి ఔట్‌డోర్ దాకా పోవాలి. మొన్న ఒక విల్లాకు పిలిచారు. వేరే వాళ్లు వేసిన లైను, ప్రతి వేసవికీ చల్లదనం తగ్గడం, ఎవరో ఒకరు వచ్చి గ్యాస్ కొట్టి పోవడం. నైట్రోజన్ పెట్టి చూస్తే గేజి దిగుతోంది, బయట కనిపించే నట్టులన్నిటికీ సబ్బు నురగ రాసినా బుడగ లేదు. చివరికి హాల్లో ఇటాలియన్ టైల్స్ పగలగొడితే లోపల అతుకు, దాని చుట్టూ నూనె మరక. పైపు కొంచెం తక్కువైందని అక్కడ ముక్క కలిపి ఊరుకున్నారు. ఆ ఇంటావిడ టైల్స్ ముక్కలు చూస్తూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఒకవేళ ఎక్కడైనా అతకాల్సి వస్తే లోపల నైట్రోజన్ సన్నగా పారుతుండగానే మంట పెట్టాలి. లేకపోతే లోపల నల్లటి పెచ్చు కడుతుంది, అది ఊడి వెళ్లి వాల్వ్ దగ్గర జాలీలో ఇరుక్కుంటుంది.

పైపు బిగించాక రెండు పనులు, ఈ రెండూ చెయ్యనిదే ఔట్‌డోర్‌లో గ్యాస్‌ను ఆపి ఉంచే వాల్వ్ తెరవనివ్వకు.

ఒకటి నైట్రోజన్‌తో ప్రెషర్ పరీక్ష. వాల్వ్‌లు మూసే ఉంచి, మెట్లు మెట్లుగా పెంచి, పుస్తకంలో చెప్పినంత దాకా తీసుకుపోవాలి. మేము ఈ రకం గ్యాస్‌కు 600 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దగ్గర వదిలి ఒక రాత్రి ఉంచుతాం. పగటికీ రాత్రికీ పది డిగ్రీలు తేడా ఉంటే గేజి సుమారు 20 పీఎస్‌ఐ తనంతట తానే దిగుతుంది, దానికి కంగారు పడొద్దు. అంతకు మించి దిగితే లీకు వెతకాలి. ఇంకో మాట, ప్రాణం మీది మాట: నైట్రోజన్ దొరకలేదని వెల్డింగ్ షాపు నుంచి ఆక్సిజన్ సిలిండర్ తెస్తామంటే ఇంటి గడప కూడా ఎక్కనివ్వకు. కంప్రెసర్ నూనె, ఆక్సిజన్, ప్రెషర్ కలిస్తే బాంబే.

రెండోది వాక్యూమ్, అంటే పంపు పెట్టి పైపులో గాలీ తడీ లేకుండా ఖాళీ చేయడం. దీన్ని తప్పించుకోవడానికే మెకానిక్‌లు ఎక్కువ సాకులు చెబుతారు. "ఔట్‌డోర్‌లోని గ్యాస్ కొంచెం వదిలి పైపులో గాలిని తరిమేస్తాను, ఐదు నిమిషాల పని" అంటాడు చూడు. గాలి కొంత పోతుందేమో కానీ తడి పోదు. ఆ తడిని కంప్రెసర్‌లోని నూనె పీల్చుకుంటుంది, నాళ్లు గడిచేకొద్దీ యాసిడ్‌గా మారి కంప్రెసర్ మోటారు తీగచుట్టను, అదే వైండింగ్‌ను, తింటుంది. నీ మిషన్‌లో ఆర్-32 ఉంటే, దానికి మంట అంటుకునే గుణం కొద్దిగా ఉంది. అది ఇంట్లో వదిలే సరుకు కాదు. బీడీ కాలుస్తూ పనిచేసేవాణ్ణి ముందే బయటికి పంపు. పైగా గాలిలో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా 675 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది.

పంపు నీటిని పీల్చి తీయదు, మరిగించి తీస్తుంది. మన చుట్టూ గాలి ఒత్తిడి పాదరసం లెక్కలో 760 మిల్లీమీటర్లు. దాన్ని 32 దాకా దించితే నీళ్లు 30 డిగ్రీలకే మరుగుతాయి. ఇంకా దించుతూ పోయి 500 మైక్రాన్లకు, అంటే అర మిల్లీమీటరుకు తెస్తే పైపులో ఆవిరైన తడంతా పంపులోంచి బయటికి పోతుంది. సూది గేజి ఇది చూపించదు, అది రెండు నిమిషాల్లోనే చివరికి దిగి కూర్చుంటుంది. మైక్రాన్ గేజి ఉన్న మనిషిని వెతుకు. పంపు ఆపి పది నిమిషాలు చూడాలి. అంకె కొంచెం పెరిగి ఆగిపోతే ఇంకా తడి ఉంది, పంపు మళ్లీ నడపాలి. ఆగకుండా పెరుగుతుంటే లీకు. నిలబడితే అప్పుడు ఎల్ కీ తీసి వాల్వ్‌లు తెరవొచ్చు.

డాబా దాకా పైపు తొమ్మిది మీటర్లు అన్నావు. మిషన్‌లో గ్యాస్ ఎంత దూరానికి సరిపడా ఉందో పుస్తకంలో రాసి ఉంటుంది. ఐదు మీటర్లకు అని ఉండి, మీటరుకు 20 గ్రాములు కలపమంటే, నాలుగు మీటర్లకు 80 గ్రాములు. అది తూకం పెట్టి ఎక్కించాలి. పైపు చల్లగా తగిలిందా లేదా అని చేత్తో పట్టుకుని గ్యాస్ కొట్టేవాళ్ల లెక్క నాకు నచ్చదు.

రెండు పైపులకూ విడివిడిగా ఇన్సులేషన్ తొడగాలి. చిన్న పైపుకు అక్కర్లేదని కొందరంటారు. స్ప్లిట్ ఏసీలో గ్యాస్‌ను చల్లబరిచే వాల్వ్ ఔట్‌డోర్‌లోనే ఉంటుంది, కాబట్టి చిన్నది కూడా చల్లగానే వస్తుంది, తొడుగు లేకపోతే గోడంతా నీళ్లు కారుతుంది. ఇక్కడ మాకు ఎండ శత్రువు, ఆ నల్ల తొడుగు ఏడాదికే పొడిపొడిగా రాలిపోతుంది, అందుకే పైన అల్యూమినియం రేకు చుడతాం. అక్కడ మీకు కోతులు. డాబా మీద ట్యాంకు మూతనే ఉంచనివి మెత్తటి తొడుగు ఉంచుతాయా! గట్టి పీవీసీ కేసింగ్‌లో వేయించు. డాబా స్లాబులోంచి పైపు దిగేచోట పైన వంపు తిప్పి కిందికి దించితే వాన నీళ్లు దాని వెంట గదిలోకి రావు. ఏసీ నీళ్లు పోయే డ్రెయిన్ పైపు మాత్రం వీటితో పైకి పోదు, దాన్ని వేరుగా బయటికి వాలుగా దించాలి.

నా సంగతులు పెద్దగా లేవు. పని ఉంది, జీతం టైముకు వస్తోంది. జూన్ 15 నుంచి మళ్లీ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని బంద్, సెప్టెంబరు 15 దాకా ఆ రూలే. అందుకే రూఫ్ మీద పనులు ఇప్పుడే తోసేస్తున్నారు. మా రూమ్‌లో కొత్తగా ఒక సిరిసిల్ల పిల్లగాడు వచ్చాడు, చేప పులుసు బాగా పెడతాడు. మాకు ఆదివారాలు బాగున్నాయి. అవ్వకు చెప్పు, నేను బక్కచిక్కలేదని.

మెకానిక్ వాక్యూమ్‌కు, నైట్రోజన్‌కు వేరే డబ్బులు అడిగితే బేరం ఆడకు, ఇచ్చెయ్యి. జీతం పడగానే నీ అకౌంట్‌లో వేస్తా. నాకు మూడు ఫొటోలు కావాలి: ఫ్లేర్ బిగించక ముందుది, రాత్రి నైట్రోజన్ పెట్టినప్పుడు గేజిది, పొద్దున అదే గేజిది. అవి చూసి నేను సరే అనేదాకా గోడకు సిమెంటు పెట్టనివ్వొద్దు. అతను మరీ మొండికేస్తే నాకు ఫోన్ కలిపివ్వు. ఇక్కడ రాత్రి ఎనిమిదికి, మీకు తొమ్మిదిన్నరకు, ఖాళీగానే ఉంటాను.

ఇట్లు,
మీ అన్న